వంకర మోకరిల్లాల్సిన సీను

మార్చి 4, మంగళవారం

నన్ను కింద గదికి పంపేశారు. బహువచనం ఎందుకు, పంపింది మావయ్య ఒక్కడే, స్టూడియో ఆయనదే. పైనవాళ్ళంతా నా వైపు చూస్తే తమకీ అంటుకుంటుందన్నట్టు బల్లల మీదికి తలలు వంచుకున్నారు. సూపర్‌వైజర్ మాత్రం నా పెన్సిళ్ళ డబ్బా మెట్ల దాకా మోసుకొచ్చి, "నాలుగు రోజులేలెండి చిట్టి గారూ, పెద్దాయన కోపం మీకు తెలియనిదా" అన్నాడు. నలభై ఏళ్ళొచ్చినా ఈ యానిమేషన్ స్టూడియోలో నేను చిట్టి గారినే. మావయ్య ఇంట్లో పిలిచే పిలుపుకి గారు తగిలించి, అదే పెద్ద మర్యాద అనుకుంటారు.

కింద గది సగం నేలలో ఉంది. కిటికీ పైకప్పుకి ఆనుకుని ఉంటుంది, అందులోంచి వీధిలో నడిచేవాళ్ళ చెప్పులు, సైకిలు చక్రాలు తప్ప ఏమీ కనిపించవు. గాజు కింద దీపం పెట్టి గీసే లైటు బల్లలు పైన పాడైతే ఇక్కడికే వస్తాయి. నాకిచ్చిన దానిలో దీపం కొట్టుకుంటోంది. పైన పాడైన మనుషులు కూడా ఇక్కడికే వస్తారు. ఇక్కడివాళ్ళు ముఖాలు గీయకూడదు, మరమనుషుల్ని గీయకూడదు. మేడంత మరమనుషులు కూలగొట్టిన గోడల రాళ్ళు, దుమ్ము, పొగ గీయాలి. తెర మీద వీళ్ళ పేర్లు పడవు.

ఎందుకు పంపాడంటే, మా టీవీ కథ ఆఖరి భాగం గురించి అందరి ముందూ వాదించాను. అంతే.

మార్చి 5

వాదించినందుకే.

మార్చి 6, గురువారం

ఇక్కడ ఇద్దరున్నారు. ఒకాయన్ని గుండ్రాల అన్న అంటారు. ఒకప్పుడు పైన మరమనుషుల భుజాలు గీసేవాడు. కాస్త గుండ్రంగా వచ్చాయని మావయ్య ఆ కాగితం అందరికీ పట్టి చూపించి, "ఇవి మరమనుషులా, కుండలా?" అన్నాడు. ఆ రోజు నేనూ నవ్వాను. రెండో మనిషి పాతికేళ్ళ పిల్ల. మీటింగులో "ఎందుకు?" అని అడిగింది. ఆ ఒక్క మాటకే పొగరు అని పేరు పెట్టి కిందికి తోశారు. ఆ పిల్ల అదే పేరు అట్టముక్క మీద రాసి తన బల్లకి అతికించుకుంది.

"పెద్దాయన మేనకోడలికి మన మధ్య ఏం పని అన్నా? మనమేం మాట్లాడుకుంటున్నామో పైకి మోయడానికా?" అంది, నేను అక్కడ లేనట్టే.

"మోయడానికి మనం ఏం మాట్లాడుతున్నాం గనకా? రాళ్ళ గురించేగా" అన్నాడు ఆయన.

ఆఖరి భాగంలో ఏముందో వాళ్ళకి ఎవరూ చెప్పలేదట. చెప్పాను. ఆరేళ్ళుగా నడుస్తున్న కథ. పనికిరారని కర్త గోతిలో పారేసిన మరమనుషులు, వాటి లోపల కూర్చుని నడిపే వెలివేసిన పిల్లలు, తమని తయారు చేసిన ఆ కర్త మీదే తిరగబడతారు. ఆఖరి భాగంలో కోట దాకా వస్తారు. వచ్చి వరసగా కర్త కాళ్ళ దగ్గర మోకరిల్లి, గుండె మీద మీట తమ చేత్తోనే తిప్పుకుని ఆరిపోతారు. చివరగా ఆరిపోయేది వంకర.

పొగరు తన బల్ల మీది రాళ్ళ కాగితం పక్కకి తోసింది. తర్వాత, "ఆరేళ్ళు కొట్లాడింది కాళ్ళ మీద పడ్డానికా" అంది.

వంకర నాది. అమ్మ పోయి మావయ్య ఇంటికి వచ్చిన కొత్తలో, ఆయన పారేసిన కాగితం వెనకవైపు గీశాను. నాకు మోచెయ్యి గీయడం రాదు, ఎడమ చెయ్యి అడ్డదిడ్డంగా వచ్చింది. మావయ్య నా బొమ్మల్లో దిద్దనిది అదొక్కటే. "ఇది ఇలాగే ఉండాలి" అన్నాడు. తర్వాత కథలో పెట్టుకున్నాడు, తన పేరు వేసుకున్నాడు. పేరు గురించి నాకు బాధ లేదు. అది మోకరిల్లకూడదు. నాకు కావలసింది అంతే.

మార్చి 9, ఆదివారం

అత్తయ్య వచ్చింది. నా అద్దె గదిలో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, చేతిలో గుడ్డసంచి కిందపెట్టకుండా చాలాసేపు మంచం దుప్పటి రంగు గురించి మాట్లాడింది. ఆవిడ దుప్పట్ల గురించి మాట్లాడుతోందంటే ఇంట్లో ఏదో కొంప మునిగిందన్నమాట.

"మీ మావయ్యకి చెయ్యి నిలవట్లేదే" అంది చివరికి.

"తెలుసు."

"నీకు తెలుసని ఆయనకీ తెలుసు. అందుకేగా పంపింది."

సంచిలో పసుపు కాగితాలు. మా పనిలో ఎవరు ఏం గీసినా, దాని మీద పసుపు కాగితం పడితే ఆ గీతే చెల్లుతుంది, కింద ఉన్నది చచ్చిపోయినట్టే లెక్క. ఆ కాగితం మావయ్య సొరుగులో తప్ప ఎక్కడా ఉండదు. ఒకటి మీద ఒకటి పడితే పైదే చట్టం. ఇప్పుడు ఆ కట్ట మొత్తం నా మంచం మీద ఉంది, ఖాళీగా.

"నీ గీతకీ ఆయన గీతకీ తేడా ఆ దేవుడికి కూడా తెలియదు. ఇంట్లో కూర్చుని గీసిపెట్టు. నేను వచ్చి పట్టుకెళ్తాను."

"ఆయన పంపించాడా?"

"సంచిలో పెడుతుంటే చూశాడు. అటు తిరిగి కూర్చున్నాడు."

"నన్ను పైకి పిలవమను, గీస్తాను."

"అది మాత్రం అడక్కు."

రాయకుండా దాటేద్దామనుకున్నాను గానీ, దాటేస్తే నాకే ఒళ్ళు మండుతోంది. ఆఖరి భాగం మీద వాదన ఆ రోజే అయిపోయి చల్లారిపోయింది కూడా. మావయ్య వంకర భుజం దిద్దుతున్నాడు. పెన్సిలు వణికి గీత పక్కకి జారింది. చుట్టూ అందరూ ఉన్నారు. ఎవరైనా చూస్తారేమోనని ఆయన చేతిలోంచి పెన్సిలు తీసుకుని మిగతా గీత పూర్తి చేశాను. ఆయన గీత ఎక్కడ ఆగిందో నాది ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలియలేదు. ఆయనకీ తెలియలేదు. కాగితం చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. తర్వాత నన్ను కిందికి పంపాడు.

నేను చెయ్యను, సంచి తీసుకెళ్ళిపో అన్నాను. అత్తయ్య మరిచిపోయినట్టు వదిలేసి వెళ్ళింది. ఆవిడ ఏదీ మరిచిపోదు.

మార్చి 10

ముట్టుకోలేదు.

మార్చి 11

గీశాను. కొద్దిగానే. ఆయన కోసం కాదు. పని ఆగిపోతే ముందు రోడ్డున పడేది కింద గదివాళ్ళేగా. రాత్రి అత్తయ్య వచ్చి పట్టుకెళ్ళింది.

మార్చి 13, గురువారం

సూపర్‌వైజర్ మెట్ల మీద కనిపించాడు, ముఖం వెలిగిపోతోంది. "పెద్దాయన చెయ్యి మళ్ళీ దారిలో పడిందండీ. ఆ దెబ్బ కొట్టే సీను చూశారా, పాతికేళ్ళవాడు గీసినట్టుంది" అన్నాడు. నాకు గర్వం వచ్చింది. సిగ్గులేకపోతే సరి.

గుండ్రాల అన్న నాకు రాళ్ళు నేర్పుతున్నాడు. నేను మావయ్య నేర్పినట్టు కోసుగా, కత్తితో చెక్కినట్టు గీస్తాను. నా చెయ్యి నాది కాదు, ఆయన తయారు చేసిందే అన్నాను. ఆయన పక్కకి వచ్చి కూర్చుని, "రాయిని కొట్టినట్టు గీయకమ్మా, పడినట్టు గీయి. పడ్డ రాయికి మూలలు మిగలవు" అని ఒకటి గీసి చూపించాడు. నిజంగానే అది ఎక్కడినుంచో దొర్లి వచ్చి ఆగినట్టుంది. సాయంత్రం దాకా అవే గీస్తూ కూర్చున్నాను. ఎన్నాళ్ళకో పనిలో ఊపిరాడింది.

పొగరు కూడా మెత్తబడింది. "అక్కా" అంటోంది.

మార్చి 14, శుక్రవారం

మధ్యాహ్నం భోజనాల దగ్గర పొగరు తలుపు దగ్గరికి వేసి, "రాళ్ళు లేకపోతే యుద్ధం జరిగినట్టే ఉండదు. మనం గీయకపోతే ఆఖరి భాగం కదలదు" అంది.

"ఏమడుగుదాం?" అన్నాడు అన్న.

"ఆఖరి సీను మార్చమని. గోతిలో ఉన్నది మనమే కదా అన్నా. మనం కాళ్ళ మీద పడే బొమ్మని మనచేతే గీయిస్తుంటే ఎలా ఊరుకుంటావ్?"

"నాకు ఇద్దరు పిల్లలు తల్లీ."

"ఆ సీను వాళ్ళూ చూస్తారుగా."

అన్న ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. ఆయన ఏమంటాడోనని చూడకుండా ముందు నేనే పెన్సిలు కింద పెట్టాను. నేనే. వంకర కోసం. ఆ తర్వాత అన్న పెట్టాడు. పొగరు నా మెడ వాటేసుకుంది. అప్పటికి ఇంట్లో నేను గీసిన పసుపు కాగితాలతో సంచి మళ్ళీ నిండి ఉంది.

చెప్పాలి. సోమవారం చెప్తాను.

మార్చి 17, సోమవారం

పెన్సిళ్ళన్నీ ఒక గ్లాసులో వేసి మెట్ల మీద పెట్టాం. పైనవాళ్ళు నీళ్ళకి వచ్చినట్టు వచ్చి తొంగి చూసి పోతున్నారు. సూపర్‌వైజర్ గ్లాసు వైపు పాముని చూసినట్టు చూశాడు. మేం టీలు తాగాం. కిటికీలో కనిపించే చెప్పుల్ని బట్టి మనిషి ఎలాంటివాడో చెప్పే ఆట ఆడాం. అన్న నవ్వితే కళ్ళలో నీళ్ళొస్తాయని ఇవాళే తెలిసింది.

ఇంత సంతోషంగా ఉంటే ఎలా చెప్తాం.

మార్చి 18

సంచి మామూలు కంటే బరువుగా వచ్చింది. యుద్ధం సీన్లు. మరమనుషుల కాళ్ళు గీశాను. కాళ్ళ కింద ఏదో ఒకటి ఉండాలి కాబట్టి నాలుగు రాళ్ళు వేశాను. అది మా సమ్మెకి సంబంధించింది కాదు. కాళ్ళు గాల్లో తేలకూడదని వేశాను.

మార్చి 19

ఇంకా కాళ్ళే. ఇంకాసిని రాళ్ళు.

మార్చి 20, గురువారం

సూపర్‌వైజర్ పసుపు కాగితాల కట్ట తెచ్చి అన్న బల్ల మీద పెట్టాడు. పాపం, అతనికి ఇష్టం లేదు, నేల చూస్తూ మాట్లాడాడు. "పెద్దాయన రాళ్ళు కూడా తనే గీసేశారండీ. ఇక మీ అవసరం లేదన్నారు. నెలాఖరుకి గది ఖాళీ చేసి తాళం ఇమ్మన్నారు."

పొగరు ముఖం పాలిపోయింది. అన్న మాత్రం ఒక కాగితం తీసి లైటు బల్ల మీద వేశాడు. వెలుతురులో దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు.

"ఈ రాయి నాది" అన్నాడు.

"పెద్దాయన గీసిందండీ అది" అన్నాడు సూపర్‌వైజర్.

"పెద్దాయన గుండ్రంగా గీస్తాడా? చచ్చినా గీయడు." తల తిప్పి నా వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. జ్వరం ఉందేమోనని పిల్లని చూసినట్టు చూశాడు.

పొగరుకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "నువ్వా అక్కా?" అంది. నేను నోరు విప్పలేదు. విప్పితే కాళ్ళు గాల్లో తేలకూడదని అంటానేమో, నాకే భయం వేసింది. ఆ పిల్ల బల్ల మీద అట్టముక్క ఊడబీకి సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

అన్న చివరగా లేచాడు. తలుపు దగ్గర ఆగి, "'నా చెయ్యి నాది కాదు, మావయ్య తయారు చేసిందే' అంటుంటావు కదమ్మా. వారం రోజులు పక్కన కూర్చుంటే నా రాయి అందులోకి వచ్చేసింది. అంటే ఆ చెయ్యి ఇంకా నీదే" అన్నాడు. తిట్టి వెళ్ళుంటే ఈ రాత్రి నిద్రపోయేదాన్ని.

మార్చి 21

వెళ్ళలేదు. జ్వరం.

జ్వరం లేదు.

మార్చి 23, ఆదివారం

ఆఖరి కట్ట. వంకర మోకరిల్లే సీను. పైన మావయ్య చేతిరాత, అక్షరాలు చీమలు పారిపోయినట్టున్నాయి. "మోకాలు పూర్తిగా నేలకి ఆనాలి."

ముందు ఆయన చెప్పినట్టే గీశాను. నేను గీశాననడం కూడా తప్పు, చెయ్యే గీసుకుంటూ పోయింది. మోకాలు ఆనింది, తల వంగింది, ఎంత బాగా వచ్చిందో. అంత బాగా వచ్చినందుకు ఏడుపొచ్చింది. చింపేశాను.

తర్వాత నిలబెట్టాలని కూర్చుంటే చేతికి దారి తెలియలేదు. మావయ్య నాకు నిలబడే మరమనుషుల్ని వందసార్లు నేర్పాడు, ఎవరికో వీపు చూపించి వెళ్ళిపోయే దాన్ని ఎప్పుడూ నేర్పలేదు. చిన్నప్పటి అడ్డదిడ్డపు మోచెయ్యి గుర్తు తెచ్చుకుని అక్కడినుంచి మొదలుపెట్టాను. భుజం వచ్చింది. బరువు వచ్చింది. అది లేచి, కర్తకి వీపు తిప్పి, గోతిలో మిగిలిపోయిన వాళ్ళ వైపు నడుస్తోంది. దాని అడుగుల పక్కన అన్న నేర్పిన రాళ్ళు వేశాను, కావాలనే వేశాను. కర్త మూలన మిగిలాడు, చిన్నగా. వాడి గురించి పెద్దగా ఆలోచించలేదు. ఖాళీగా ఉంటే బాగుండదని వేశాను.

గీశాక తట్టింది. 'ఇది నేను గీయలేదు' అని మావయ్య అనాలంటే, 'మరి మిగతావి మాత్రం మీరే గీశారా' అన్న ప్రశ్న వస్తుంది. చెయ్యి పోయిందని లోకానికి చెప్పుకోవాలి. చెప్పుకోడు. తల తీసినా చెప్పుకోడు. ఈసారి ఆయనకి తప్పించుకునే దారి లేకుండా చేశాను. నాకు భయం లేదు, జాలి లేదు.

అత్తయ్య సంచి పట్టుకుని, లోపల చూడకుండా వెళ్ళిపోయింది.

మార్చి 26, బుధవారం

మావయ్య కిందికి వచ్చాడు.

ఈ స్టూడియో కట్టినప్పటినుంచి ఆయన ఈ మెట్లు దిగలేదట. నేను ఒక్కదాన్నే ఉన్నాను అనడానికి లేదు. అన్న, పొగరు సామాన్లు తీసుకెళ్ళడానికి వచ్చారు, నాతో మాట్లాడకుండా డబ్బాలు సర్దుకుంటున్నారు. సూపర్‌వైజర్ వెనక పైనవాళ్ళందరూ మెట్ల మీద నిలబడ్డారు.

"ఎవరు గీశారిది?" అన్నాడు కాగితం ఎత్తి.

"మీరే కదండీ" అన్నాడు సూపర్‌వైజర్. "పసుపు కాగితం."

మావయ్య నన్ను చూశాడు. నేను కళ్ళు దించలేదు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఉన్నాడు, ఈ మధ్య అలాగే పట్టుకుంటున్నాడు, కదలకుండా. ఇక నోరు మూసుకుని పైకి వెళ్తాడు అనుకున్నాను.

"ఇది నా చెయ్యి కాదు" అన్నాడు.

మెట్ల మీదివాళ్ళు ఒక మెట్టు కిందికి దిగారు.

"ఈ నెలలో వచ్చినవి ఏవీ నావి కావు. నాకు చెయ్యి పోయింది. అన్నీ ఇది గీసింది" అని నన్ను చూపించాడు.

అంతమంది ముందు తన తల తనే తీసుకున్నాడు, వంకర నిలబడకూడదని. అది కాళ్ళ దగ్గర ఉంటే చాలు, తను ఏమైపోయినా ఫరవాలేదు ఆయనకి.

"చిట్టీ, కూర్చో. దాని మోకాలు వంచు."

"వంచను మావయ్యా."

"నిన్ను అడగట్లేదు. చెప్తున్నాను."

"అది ఇలాగే ఉండాలని నువ్వే అన్నావు."

"ఎప్పుడన్నాను?"

నిజంగా గుర్తులేదు ఆయనకి. ముఖంలో తెలిసిపోయింది. ఇన్నేళ్ళు నేను మోసిన మాట ఆయన అక్కడే పారేసి వెళ్ళిపోయాడు.

కుర్చీ లాక్కుని నా బల్ల దగ్గర కూర్చున్నాడు. కొట్టుకుంటున్న దీపం మీద పసుపు కాగితం వేసి, నా పెన్సిలు తీసుకున్నాడు. గీత జారింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జారింది. మణికట్టు పట్టుకుని రెండు చేతులతో గీశాడు. పెన్సిలు కాగితాన్ని కరకర కోస్తున్న చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. నా చేతులు లేచిపోతున్నాయి. ఒక్క గీత, ఆ భుజం గీత నేనందుకుంటే మిగతాది ఆయనకి తేలికవుతుంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. పొగరు వచ్చి నా వెనక నిలబడింది. భుజం మీద చెయ్యి వేసింది. అది ఓదార్పో కాపలాయో తెలియదు.

ఆయన ఆపలేదు. చెమటలు పట్టాయి. చివరికి లేచి, "ఇది పైన పెట్టి పంపు" అన్నాడు సూపర్‌వైజర్‌తో. అడుగు వేయబోతూ తూలితే అన్న చెయ్యి అందించాడు. మావయ్య దాన్ని చూడనట్టు గోడ పట్టుకుని మెట్లెక్కాడు.

ఆ కాగితంలో మోకాలు ఎక్కడుందో, నేల ఎక్కడుందో తెలియలేదు.

మార్చి 28

సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. "పెద్దాయన కాగితం తీసి సొరుగులో పెట్టానండీ. అది ఎవరికీ అర్థం కాదు. మీరు గీసిందే పంపించాను. నా పని పోయినా సరే" అని గబగబా పెట్టేశాడు. ఆ నోరులేని మనిషి.

గెలిచాం.

మార్చి 31

కింద గదికి తాళం వేసి ఇచ్చేశాం. పొగరు ఆ కొట్టుకునే దీపం ఊడదీసి సంచిలో వేసుకుంది. ఎందుకే అంటే, "ఊరికే" అంది. బయటికొచ్చాక తొలిసారి మా కిటికీని వీధిలోంచి చూశాం. మోకాళ్ళ మీద కూర్చుంటే తప్ప లోపలేమీ కనిపించదు. ముగ్గురిలో ఎవరమూ కూర్చోలేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

అన్న ఇంట్లో అందరం చూశాం. ఆయన పిల్లలు టీవీకి అతుక్కుని కూర్చున్నారు. మిగతా మరమనుషులు ఒక్కొక్కటే ఆరిపోతుంటే చిన్నది వాళ్ళమ్మ ఒళ్ళో ముఖం పెట్టేసుకుంది. వంకర వంతు వచ్చింది. చెయ్యి గుండె మీదికి వెళ్ళి ఆగింది. లేచింది. వీపు తిప్పింది. నడిచింది.

పొగరు వెక్కి వెక్కి ఏడ్చింది. అన్న తెరకి వేలు ఆనించి, "అదిగో నాది, అదీ నాదే" అని తన రాళ్ళు పిల్లలకి చూపించాడు. అందరూ నన్ను పట్టుకుని ఊపేస్తున్నారు.

నేను వంకరని చూడలేదు. తెర మూలన కర్త ఉన్నాడు, చిన్నగా. ఆరేళ్ళలో వాడెప్పుడూ అలా నిలబడలేదు, ఎప్పుడూ చేతులు వెనక్కి కట్టుకునే ఉంటాడు. ఇక్కడ ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఉన్నాడు. కదలకుండా గట్టిగా పట్టుకున్నాడు. వంకర వెళ్ళిపోతుంటే చూస్తున్నాడు, పిలవడం లేదు.

అది నేనెప్పుడు గీశాను? జాలి లేదని ఆ రోజే రాసుకున్నాను. ఇప్పుడు పేజీ తిప్పి చూశాను, రాసే ఉంది.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య ఫోన్.

"చూశాడే."

"తిట్టాడా?"

"లేదు. ఆ చివర ఒక్కటీ మళ్ళీ వెయ్యమన్నాడు. మళ్ళీ మళ్ళీ వేయించుకున్నాడు. వంకరని కాదే, ఆ మూల చూస్తున్నాడు. 'చిట్టి నా చెయ్యి చూస్తూనే ఉంది' అన్నాడు. తర్వాత అన్నం తినలేదు."

ఆవిడ దుప్పట్ల గురించి మాట్లాడింది.

ఏప్రిల్ 21

వెళ్ళను. మావయ్య దగ్గరికి వెళ్తే ఇన్నాళ్ళు చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఏప్రిల్ 22

రెండు పెన్సిళ్ళు చెక్కి సంచిలో పెట్టాను. వెళ్ళనని నిన్ననే రాశాను.